వాలు, రెండు స్తంభాలతో సహా

మా ఆఫీసులో ఒకప్పుడు కుళాయి మార్చాలంటే ఎంత తతంగమో చెబితే నమ్మరు. కుళాయి కారుతోందని ఒకరు రాయాలి. కారుతున్న మాట నిజమేనని ఇంకొకరు వెళ్ళి చూసి రావాలి. ముగ్గురు కాంట్రాక్టర్ల దగ్గర ధరలు తెప్పించాలి. ఆ ముగ్గురిలో ఇద్దరు మూడోవాడి బావమరుదులే అయినా సరే, కాగితాలు మాత్రం మూడు ఉండి తీరాలి. ఆ తర్వాత కమిటీ కూర్చుంటుంది. కమిటీ కూర్చునే నాటికి కుళాయి కారడం మానేసి ఊడిపోయి ఉంటుంది. ఊడిపోయిన కుళాయి వేరే పని కిందికి వస్తుంది కాబట్టి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

నేను ఆ ఆఫీసులోనే చిన్న పనుల విభాగానికి సూపరింటెండెంటుని. ఊళ్ళో ఉన్న ప్రభుత్వ బడుల్లో, ఆసుపత్రుల్లో, లైబ్రరీల్లో ఏ తలుపు ఊడినా, ఏ గోడ బీటలిచ్చినా అర్జీ నా బల్ల మీదికే వస్తుంది. నాకు ముక్కు మీద కోపం అని ఇంటా బయటా అందరూ అంటారు. ఆ బల్ల దగ్గర ఇన్నేళ్ళు కూర్చున్నాక ముక్కంటూ ఒకటి మిగలడమే గొప్ప.

అలాంటి ఆఫీసుకి కొత్త అధికారి వచ్చాడు. వచ్చిన వారంలోనే ఆయనకి పొదుపు సారు అని పేరు పడిపోయింది. కిటికీ తెరిచి ఉంటే ఫ్యాన్ ఎందుకు తిరుగుతోందని అడుగుతాడు. ఫ్యాన్ ఆపితే కిటికీ ఇంత పెద్దది ఎవరు పెట్టించారని అడుగుతాడు. మనిషి చెడ్డవాడు కాదు, పైసా తినడు, ఎవరినీ తిననివ్వడు. ఆయన తెచ్చిన పథకం పేరు 'సత్వరం'. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. చిన్న పనులన్నిటికీ ఏడాది పొడుగునా ఒకడే కాంట్రాక్టరు. ఏ పనికి ఎంతో అతనితో ముందే కుదుర్చుకుని, అన్నీ ఒక లావుపాటి రేట్ల పుస్తకంలో అచ్చు వేశారు. ప్రతి పనికీ ఒక నంబరు. పని వచ్చిందా, పుస్తకం తెరవడం, నంబరు వేసి కాగితం ఇవ్వడం, అంతే. ధరలు తెప్పించేది లేదు, కమిటీ కాళ్ళావేళ్ళా పడేది లేదు.

నిజం చెప్పొద్దూ, పథకం బ్రహ్మాండంగా నడిచింది. ఏళ్ళ తరబడి అట్టముక్క అడ్డం పెట్టుకున్న బడి కిటికీకి అద్దం వచ్చింది. ఆసుపత్రి మరుగుదొడ్డి తలుపుకి గడియ వచ్చింది. పొద్దున ఆర్డరిస్తే సాయంత్రానికి మేస్త్రి గమేళా పట్టుకుని దిగుతున్నాడు. నాకే కళ్ళు నెత్తికెక్కాయి. ఇంటికెళ్ళి మా అక్క ముందు గొప్పలు పోయాను. "ఇక మా ఆఫీసులో ఏ పనైనా ఇలా అయిపోతుంది" అని చిటిక కూడా వేసి చూపించాను.

"అయితే నాకో వాలు, అదే ర్యాంపు, కట్టించి పెట్టవే" అంది అక్క.

అక్క ఊళ్ళో పెద్ద లైబ్రరీకి లైబ్రేరియన్. క్రితం ఏడాది బస్సు దిగుతూ జారిపడింది. నడుం కింద నుంచి కాళ్ళలో పట్టు పోయింది. ఆసుపత్రులు, మందులు, వ్యాయామాలు అన్నీ అయ్యాక డాక్టర్లు చేతులెత్తేశారు, అక్క చక్రాల కుర్చీలో కుదురుకుంది. నోరు మాత్రం ఎక్కడా దెబ్బతినలేదు. ఆ కుర్చీని తనే తోసుకుంటూ తిరిగి తిరిగి చేతులు రాటుదేలిపోయాయి. ఇంట్లో పచ్చడి సీసా మూత ఎవరికీ రాకపోతే ఇప్పుడు తనకే ఇస్తారు.

సెలవులన్నీ అయిపోవచ్చాయి. పైవాళ్ళు ఒక షరతు పెట్టారు. రాబోయే సోమవారం తర్వాతి సోమవారం వైద్యాధికారి లైబ్రరీకి వస్తుంది. ఆవిడ చూస్తుండగా అక్క గేటు దగ్గర నుంచి తన సీటు దాకా ఎవరి సాయమూ లేకుండా చేరుకోవాలి. చేరుకుంటే ఉద్యోగం. లేకపోతే ఆరోగ్యం బాగాలేని మనిషి కింద ఇంటికి పంపించేస్తారు. లైబ్రరీ లోపలంతా చదునే, కుర్చీ ఏ మూలకైనా పోతుంది. వచ్చిన చిక్కల్లా గుమ్మం ముందున్న నాలుగు మెట్లతోనే.

"ఇంట్లో కూర్చుంటే నేను జబ్బుమనిషినే. అక్కడ కూర్చుంటే లైబ్రేరియన్‌ని" అంది అక్క. "నీ పథకమేదో నిజంగా అంత గొప్పదైతే ఆ నాలుగు మెట్ల మీద కాస్త సిమెంటు పోయించు చూద్దాం."

"అదెంత పని!" అన్నాను. ఆ మాట అన్న నోటిని తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో.

మర్నాడే మా ఇంజనీరుని పిలిచాను. కుర్రవాడు, చురుకైనవాడు, పుస్తకం చంకలో లేకుండా గది దాటడు. పేజీలన్నీ తిరగేసి తల గోక్కున్నాడు.

"వాలు పుస్తకంలో లేదు మేడమ్."

"లేకపోవడమేంటండీ? ఇంత లావు పుస్తకంలో వాలు లేదా?"

"మెట్లున్నాయి. మెట్లు కట్టడం ఉంది, మెట్లు పగలగొట్టడం ఉంది, మెట్లకి రంగు వెయ్యడం కూడా ఉంది. మనుషులెక్కే వాలు మాత్రం లేదు."

"అయితే కొత్తగా చేర్చండి."

"చేర్చాలంటే రేట్ల కమిటీ కూర్చోవాలి మేడమ్. అది ఏడాదికి ఒక్కసారే కూర్చుంటుంది. మొన్ననే కూర్చుని లేచింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కుర్రవాణ్ణి అని ఏం లాభం, వెనకటి పద్ధతిలో చేయిద్దామని చూశాను. మూడు కాగితాలు, కమిటీ, పరిశీలన. ఆ లెక్కన వాలు తయారయ్యేసరికి అక్క రిటైరైపోతుంది. పైగా పథకం వచ్చాక పాత పద్ధతిలో పని చేయించడం నిషిద్ధమని పొదుపు సారు ఉత్తర్వు ఇచ్చాడు. రెండు పద్ధతులుంటే టైము దండగ కదా.

మరుసటి రోజు ఇంజనీరు వెలిగిపోతున్న ముఖంతో వచ్చాడు.

"దొరికింది మేడమ్! వాహనాల వాలు. గోదాములకీ షెడ్లకీ వేస్తారే, అది. వెడల్పు సరిపోతుంది. ఏటవాలు ఎంత కావాలంటే అంత తగ్గించొచ్చు. రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు కూడా వస్తాయి. పేరొక్కటే తేడా. కుర్చీకి చక్రాలున్నాయిగా, దాన్నీ వాహనమనే అనుకుందాం."

"నీ కడుపు చల్లగుండ నాయనా" అన్నాను. నాకంటే వయసులో చిన్నవాడైనా ఆఫీసులో ఎప్పుడూ మీరు అనేదాన్ని, ఆ సంతోషంలో నువ్వు అనేశాను. అక్కడికక్కడే నంబరు వేసి, సంతకం చేసి, ఆర్డరిచ్చేశాను. పుస్తకంలో ఆ పని పేరు కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏవో నాలుగు వాక్యాలున్నాయి. చదవలేదు. మేమెవరం చదవం. నంబరు ఉంటే చాలు, చదివే టైము మిగల్చడానికే కదా ఈ పథకం పెట్టింది.

కాంట్రాక్టరుని అందరూ నంబరు బాబాయ్ అంటారు. అరవై దాటిన మనిషి, నంబరు చెప్పందే ఇటుక కదపడు. "పుస్తకంలో ఉంటే అర్ధరాత్రి లేపినా చేస్తాను. లేకపోతే మా అమ్మ చెప్పినా చెయ్యను" అని మొదటి రోజే చెప్పేశాడు. కాగితం అందిన మధ్యాహ్నమే ఇసుక దింపించాడు. ఆ వారం రోజులూ నేను ఏదో వంకతో లైబ్రరీ వైపు పోవాలనుకుంటూనే ఆఫీసులో ఇరుక్కుపోయాను. శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేసి, "మీ వాలు రెడీ అమ్మా, వచ్చి చూసుకోండి" అన్నాడు.

సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. మా బావ బేకరీలకి రొట్టెలు వేసే వ్యాను నడుపుతాడు. ఆ వ్యానులోనే అక్కనీ కుర్చీనీ ఎక్కించుకుని తెచ్చాడు. లైబ్రరీ మూసేసే వేళ. వాలు చూస్తే నాకు కడుపు నిండిపోయింది. మెట్లకి ఒక పక్కగా గేటు వైపు నుంచి మెల్లగా లేచి, నున్నగా, గరుకు గీతలతో, గుమ్మం దాకా పోయింది. అక్క కుర్చీని తోసుకుంటూ వాలెక్కింది. ఆయాసం కూడా రాలేదు. సగం దూరం వెళ్ళి వెనక్కి తిరిగి నన్ను చూసి చిటిక వేసింది. నా ఆనందం ఇంతా అంతా కాదు.

మళ్ళీ ముందుకి తిరిగి పైదాకా వెళ్ళింది. అప్పుడు కుర్చీ దేనికో తగిలి టంగుమని చప్పుడైంది.

వాలు పై కొసన, గుమ్మానికి నాలుగడుగుల ఇవతల, రెండు ఇనప స్తంభాలు. ఎరుపు తెలుపు చారలు వేసి, మొదట్లో సిమెంటు పోసి, కదలకుండా పాతేశారు. మధ్యలో సందు ఉంది. ఆ సందులోంచి మనిషి పోతాడు, మేక పోతుంది. అక్క కుర్చీ పోదు. బావ వెళ్ళి చేత్తో కొలిచాడు. బెత్తెడు తక్కువ. స్తంభాలకీ పక్క కమ్మీలకీ మధ్య అయితే ఇంకా ఇరుకు.

"ఇదేంటి బాబాయ్!" అని అరిచాను.

నంబరు బాబాయ్ నింపాదిగా పుస్తకం తీసి ఆ చిన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "వాహనాల వాలు కదమ్మా. వాహనం వాలెక్కి అదే ఊపులో బిల్డింగులోకి దూరిపోకుండా పైన రెండు స్తంభాలు. ఐటంలోనే ఉంది. స్తంభాలు లేకపోతే బిల్లు పాసవదు."

"ఇది గోదాము కాదు, లైబ్రరీ!"

"అందుకే కదమ్మా. లైబ్రరీలోకి బండ్లు పోవచ్చా మరి?"

నేను ఆవేశంతో ఊగిపోతుంటే అక్క పడీ పడీ నవ్వింది. "అయితే నేనిప్పుడు వాహనాన్నన్నమాట. హారన్ ఒకటి తగిలించండ్రా" అంది. ఇంకాస్త సన్న కుర్చీ దొరుకుతుందేమో వెతుకుదామని బావ అంటే, "కుర్చీ సన్నబడితే చాలా? నేను పట్టొద్దూ?" అంది. నవ్వుతూనే ఉంది కానీ, వ్యాను ఎక్కాక ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు. అక్క మాట్లాడకపోవడం మా ఇంట్లో జ్వరం కంటే పెద్ద లక్షణం.

శనివారం పొదుపు సారు గదికి వెళ్ళాను. ఉన్న సంగతంతా చెప్పి, ఆ రెండు స్తంభాలూ తీయించమన్నాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. మంచినీళ్ళు కూడా ఇప్పించాడు.

"మేడమ్, మీ బాధ నాకర్థమైంది. కానీ నిన్న పెట్టినందుకు డబ్బులిచ్చి, ఇవాళ తీసినందుకు డబ్బులిస్తే ఆడిట్‌వాళ్ళు నన్నేమంటారు?"

"పిచ్చివాడంటారు సార్."

"అదీ. అందుకే వీల్లేదంటున్నాను."

"పోనీ డబ్బు లేకుండా తీస్తాడు సార్. నేను నంబరు బాబాయ్‌ని కాళ్ళు పట్టుకుని అడుగుతాను."

ఆయన ఉలిక్కిపడ్డాడు. "అయ్యయ్యో, ఉచితంగానా! ఆఫీసులో పనిచేసే మనిషి అక్కగారికి కాంట్రాక్టరు ఉచితంగా పని చేశాడంటే దాన్నేమంటారో తెలుసా? మీ ఉద్యోగం కూడా పోతుంది. పుస్తకంలో లేని పని, రేటు లేని పని మన పథకంలో కుదరదు. ఒకసారి సడలిస్తే అందరూ అడుగుతారు."

"రేట్ల కమిటీని ఒక్క గంట కూర్చోబెట్టండి సార్, ఆ స్తంభాలు లేని వాలు ఒకటి చేర్చేస్తారు."

"ఒక్క వాలు కోసం కమిటీనా? అంతమంది టైము ఎంత దండగ, మీరే చెప్పండి." ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "సోమవారం నేను కూడా వస్తాను మేడమ్. పథకం కింద కట్టిన మొదటి వాలు కదా, ఫొటో తీయిద్దాం."

పళ్ళు నూరుకుంటూ బయటికొచ్చాను. ఇంజనీరు వరండాలో నీళ్ళు నములుతూ నిలబడి ఉన్నాడు. పాపం, వాడికి రాత్రంతా నిద్రలేనట్టుంది. పుస్తకం నా చేతిలో పెట్టి, ఒక పేజీ అడుగున గీత గీసి ఉన్న చోటు చూపించాడు. వాహనం ఢీకొని దెబ్బతిన్న స్తంభాలను తొలగించుట, అత్యవసరం, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"ఇది నేను చూపించలేదు మేడమ్" అని గబగబా వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళి బావకి చెప్పాను. బావ నెమ్మదస్తుడు. ఇన్నేళ్ళుగా వ్యాను నడుపుతూ ఒక్క కోడిపిల్లని కూడా తగలనివ్వలేదని పేరు. అలాంటివాడు కాసేపు ఆలోచించి, "అయితే ఢీకొడతాను మరదలా" అన్నాడు.

"మీ ఇద్దరికీ మతి పోయింది. రొట్టెలెవరిస్తార్రా రేపణ్ణుంచి?" అని అక్క గోల పెట్టింది. మేం వింటేనా.

ఆదివారం లైబ్రరీకి సెలవు. వీధిలో జనం కూడా పల్చగా ఉన్నారు. బావ వ్యానుని వెనక్కి తిప్పి వాలు కింద నిలబెట్టాడు, దేవుణ్ణి తలుచుకున్నాడు, వెనక గేరు వేశాడు. మొదటిసారి భయపడి మధ్యలో బ్రేకు తొక్కేశాడు. రెండోసారి ఒక స్తంభం వంగింది. మూడోసారి రెండూ పెకిలి వచ్చాయి, వ్యాను వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయింది, లోపలున్న ఖాళీ ట్రేలన్నీ ఒకదాని మీదొకటి కూలి వీధంతా వినపడింది. నేను ఫోను తీసి నంబరు బాబాయ్‌కి, "ప్రమాదం జరిగింది" అని చెప్పి పని నంబరు కూడా చెప్పాను. గంటలో ఇద్దరు మనుషులు వచ్చి, వంగిన ఇనుమంతా ఎత్తుకుపోయి, గుంటలు చదును చేసి వెళ్ళారు. నేనూ బావా ఆ ఖాళీ జాగాలో అటూ ఇటూ నాలుగుసార్లు నడిచాం. బావ విరిగిన తలుపుని తాడుతో కట్టుకుంటూ కూనిరాగం తీశాడు. వ్యాను బాగుచేయించాలంటే ఎన్ని రొట్టెలు మోయాలో తెలిసి కూడా పాడుతున్నాడు, చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఆ రోజు ఇంట్లో అక్క తన ఆఫీసు బట్టలు ఇస్త్రీ చేసుకుంది. మమ్మల్ని చేయనివ్వలేదు.

సోమవారం పొద్దున లైబ్రరీ గేటు దగ్గర వ్యాను దిగేసరికి వాలు పైన ఎరుపు తెలుపు చారలు మెరుస్తున్నాయి. రంగు ఇంకా తడిగా ఉంది. ఈసారి పాతవాటి కంటే లావు.

నంబరు బాబాయ్ పక్కనే నిలబడి ఉన్నాడు. "తొలగించుట, తిరిగి అమర్చుట, ఇరవై నాలుగు గంటల్లో" అన్నాడు. "పేజీ తిప్పితే రెండో సగం ఉందమ్మా. త్వరగా గట్టిపడే సిమెంటు వాడాను. తెల్లారేసరికి రాయైపోయింది. పాతవి ఎలాగూ వంగాయని ఇంకాస్త బలమైనవి వేశాం, రేటు అదే."

పథకం ఎంత గొప్పదంటే, చెడగొట్టిన దాన్ని కూడా అంత వేగంగా బాగుచేసేస్తుంది. నేను గేటు పట్టుకుని నిలబడిపోయాను.

అందరూ వచ్చేశారు. పొదుపు సారు, ఆయన వెనక కెమెరా పట్టుకున్న గుమస్తా, మా ఇంజనీరు, లైబ్రరీ సిబ్బంది ఇద్దరు, తెల్లకోటు వేసుకున్న వైద్యాధికారి. ఆవిడ కటువు మనిషేమీ కాదు, చేతిలో కాగితం ఉంది, కాగితంలో షరతు ఉంది, అంతే. స్తంభాలు చూసి, "వేరే రోజు పెట్టుకుందామా?" అని అక్కని అడిగింది. "ఈ రోజుతో సెలవు అయిపోతోంది డాక్టరుగారూ" అంది అక్క.

కుర్చీ వాలెక్కింది. స్తంభాల దగ్గర ఆగింది. నేను ముందుకి అడుగేశాను.

"సాయం చేస్తే లెక్కలోకి రాదమ్మా" అంది వైద్యాధికారి మెల్లగా.

అక్క కుర్చీకి బ్రేకు వేసింది. రెండు చేతుల మీదా బరువు మోపి కిందికి జారింది. నేల మీద కూర్చుని, కాళ్ళని చేత్తో ఒకదాని తర్వాత ఒకటి సర్దుకుంది. కుర్చీ బ్రేకు తీసి, మడిచి, పక్కకి తిప్పి స్తంభాల సందులోంచి అవతలికి నెట్టింది. అది అవతల దబ్బున పడింది. తర్వాత తను. అరచేతులు ముందుకి వేసి, ఒళ్ళంతా ఈడ్చుకుంటూ, కాళ్ళు వెనక బరువుగా వస్తుంటే, ఆ సందులోంచి పాకింది. ఇస్త్రీ చేసుకున్న బట్టలకి స్తంభం మీది తడి రంగు అంటుకుంది. బావ గోడ వైపు తిరిగిపోయాడు. కెమెరా గుమస్తా కూడా కెమెరా దించేశాడు, అతనికి నా దండం.

అవతల కుర్చీని నిలబెట్టి, విప్పి, బ్రేకు వేసి, ఒక చేత్తో స్తంభాన్నీ రెండో చేత్తో కుర్చీనీ పట్టుకుని పైకి లేచింది. మొదటిసారి జారింది. రెండోసారి లేచింది. అక్కడి నుంచి కుర్చీ తోసుకుంటూ తన బల్ల దాకా వెళ్ళి, బల్ల మీద చెయ్యి వేసి ఊపిరి పీల్చుకుంది.

చప్పట్లు కొట్టారు. అందరినీ పట్టుకుని చెంపలు వాయించాలనిపించింది నాకు.

వైద్యాధికారి కళ్ళద్దాలు తుడుచుకుని, 'ఇతరుల సాయం లేకుండా సీటు చేరుకున్నారు' అని రాసింది. పొదుపు సారు కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. నా దగ్గరికొచ్చి, "చూశారా మేడమ్, అనవసరంగా కంగారుపడ్డారు. స్తంభాలు అడ్డం అన్నారు. ఆవిడ వాటిని పట్టుకునే కదా లేచారు! అవి లేకపోతే దేన్ని పట్టుకునేవారు?" అన్నాడు.

"అవి లేకపోతే కిందికి దిగే పనే లేదు సార్."

"అదే నేనూ అంటున్నాను, ఉన్నాయి కాబట్టి లేవగలిగారు." ఆయన ఉత్సాహంలో ఉన్నాడు, నా మాట ఆయన చెవిదాకా పోలేదు. "రేట్ల కమిటీని ప్రత్యేకంగా కూర్చోబెడుతున్నాను. వికలాంగుల వాలు, రెండు స్తంభాలతో సహా అని పుస్తకంలోకి ఎక్కించేస్తాం. ఇక ప్రతి బడికీ, ప్రతి ఆసుపత్రికీ ఇదే. ఎవరూ మళ్ళీ తల బద్దలుకొట్టుకోనక్కర్లేదు. ఎంత టైము కలిసొస్తుందో చూడండి!"

ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. పని పూర్తయినది, ఎవరి కోసం కట్టామో వారు వాడి చూశారు, సంతృప్తికరం. కింద నా పేరు, సంతకానికి జాగా.

"మీరు పెట్టేస్తే డాక్టరుగారు కూడా తన కాగితం మీద పెట్టేస్తారు" అన్నాడు. "పని పూర్తి కాని వాలు ఎక్కి ఉద్యోగంలో చేరారని రాయలేం కదా."

వైద్యాధికారి నా వైపు చూడకుండా తలూపింది.

మింగలేక కక్కలేక ఆ కాగితం పట్టుకుని అక్క దగ్గరికి వెళ్ళాను. అరచేతులు గీసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. ఒక జేబురుమాలుతో అద్దుకుంటోంది.

"అక్కా, ఇది పెడితే ఊరంతా ఇవే కడతారు. ఆసుపత్రి ముందు కూడా."

"విన్నానే. నాకు కాళ్ళే పోయాయి, చెవులు కాదు."

"నీలాగా చేతులు గట్టిగా లేనివాళ్ళు ఏం చేస్తారే? ముసలివాళ్ళు, పిల్లలు..."

అక్క ఏదో ఒక హాస్యం ఆడుతుందని ఎదురుచూశాను. ఎప్పుడూ ఆడుతుంది. ఈసారి తలెత్తి చుట్టూ ఉన్న అరల వైపు చూసింది, ఏడాదిగా చూడనివి. గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినపడేలా, "పెట్టవే" అంది. "నాకీ బల్ల కావాలి. సిగ్గు విడిచి అడుగుతున్నాను, పెట్టు."

పుట్టి బుద్ధెరిగాక మా అక్క నన్ను ఏదీ అలా అడగలేదు. పెట్టాను. పొదుపు సారు కాగితం అందుకుని సిరా ఆరేలా ఊదాడు. వైద్యాధికారి తన కాగితం మీద సంతకం చేసి అక్కకి అభినందనలు చెప్పింది. నంబరు బాబాయ్ గుమ్మం దగ్గర నుంచే, మొత్తం ఎన్ని వాలులుంటాయో కాస్త ముందుగా చెబితే ఇనుము ఒకేసారి కొంటానని, టోకున చవగ్గా వస్తుందని సారుని అడుగుతున్నాడు.

సాయంత్రం అక్కని తీసుకెళ్ళడానికి వచ్చాం. లోపలికి వచ్చిన మనిషి బయటికి కూడా రావాలన్న సంగతి పొద్దున ఒక్కరికీ తట్టలేదు. బావ ఎత్తుకుంటానని చేతులు చాపాడు. తలుపు దగ్గర బడి పిల్లలు ఐదారుగురు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు, అక్క తిరిగొచ్చిందని చూడ్డానికి వచ్చినవాళ్ళు. అక్క వాళ్ళతో అదీ ఇదీ మాట్లాడుతూ, ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెబుతూ, చివరి పిల్ల గేటు దాటి వెళ్ళేదాకా బల్ల దగ్గర నుంచి కదల్లేదు.

వీధి ఖాళీ అయ్యాక స్తంభాల దగ్గరికి వచ్చి కుర్చీకి బ్రేకు వేసింది.

"రేపణ్ణుంచి తలుపులు తీసే టైముకంటే ముందే తీసుకురావే. నేను పాకుతుంటే పిల్లలు చూడకూడదు" అంది.

సరేనన్నాను.